గులాం అహ్మద్ : మరుగునపడిన ఒక వేసవి

1952వ సంవత్సరంలో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండు దేశంలో జరిపిన పర్యటనను గురించి క్రీడాభిమానులను అడిగితే, సాధారణంగా మూడు విషయాలు చెబుతారు. లీడ్స్ నగరంలో ఒక్క పరుగైనా రాకముందే నాలుగు వికెట్లు కూలిపోవడం మొదటిది. లార్డ్స్ మైదానంలో వినూ మన్కడ్ ఒంటిచేత్తో సాగించిన పోరాటం రెండవది. మాంచెస్టర్‌లో ఒకే దినాన మన జట్టు రెండుసార్లు ఆలౌట్ కావడం మూడవది. ఈ మూడింటిలో రెండు అవమానాలు, ఒకటి వీరగాథ. అదే వేసవిలో హైదరాబాదు నగరానికి చెందిన ఒక బౌలరు 80 వికెట్లు తీశాడన్న సంగతి మాత్రం బహు కొద్దిమందికే తెలుసు. ఆయనే గులాం అహ్మద్. ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆ వేసవిని, మన విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ద్వారా మేము చేయదలచిన పని.

గులాం అహ్మద్ 1922 జులై 4న హైదరాబాదులో జన్మించారు. అది నిజాం పాలనాకాలం. క్రికెట్ ఆట మన రాజధానిలో అప్పటికే వేళ్ళూనుకొన్నది. 1930వ దశకం ఆరంభంలో నవాబు మొయినుద్దౌలా పేరిట స్వర్ణకప్పు పోటీలు సికింద్రాబాదులో మొదలై, దేశంలోని మేటి ఆటగాళ్ళను ఇక్కడికి రప్పించాయి. 1934-35లో రంజీ ట్రోఫీ పోటీలు ప్రారంభమైనప్పుడు ఆ పోటీలలో మొట్టమొదటి శతకం సాధించిన గౌరవం హైదరాబాదుకు చెందిన ఎస్. ఎం. హాదీకి దక్కింది. ఆ తరువాత మూడేండ్లకు, 1937-38లో, నవానగర్ జట్టును కేవలం ఒక్క వికెట్టు తేడాతో ఓడించి హైదరాబాదు రంజీ విజేతగా నిలిచింది. ఆ ఫైనల్‌లో ఎడ్డీ ఐబారా చేసిన శతకాన్ని నగర పెద్దలు చాలాకాలం చెప్పుకొన్నారు. ఇట్టి వాతావరణంలో పెరిగిన గులాం అహ్మద్ 1939-40లో, ఇరువది ఏండ్లైనా నిండకముందే, హైదరాబాదు తరఫున రంజీ పోటీలలో అడుగుపెట్టారు.

ఆయన ఆఫ్ స్పిన్ బౌలరు. ఈ పద్ధతిని ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పడం అవసరం. కుడిచేతి బౌలరు చూపుడువ్రేలితో బంతిని తిప్పి వదిలితే, అది నేలను తాకిన పిమ్మట కుడిచేతి బ్యాట్స్‌మన్ వైపు లోనికి తిరుగుతుంది. చూడడానికి సులభంగా ఉంటుంది కాని, బంతి ఎక్కడ పడుతుందో, ఎంత తిరుగుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కు అంతుపట్టకుండా గంటల తరబడి వేయడం కఠోర సాధన. గులాం అహ్మద్ పొడవైన మనిషి. చేతిని బాగా పైకెత్తి బంతిని వదిలేవారు. అందువల్ల ఆయన బంతి పైనుండి నిటారుగా దిగి, పడిన చోట నుండి చురుకుగా లేచేది. ఆ రోజులలో మన దేశంలో అనేక మైదానాలలో నేలపై చాప పరచి ఆడేవారు. అట్టి చాపలపై ఆయన బౌలింగును ఎదుర్కొనడం మహామహులకే దుస్సాధ్యమయ్యేది. 1947-48లో మద్రాసు జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 53 పరుగులకు 9 వికెట్లు తీశారు. ఆయన క్రీడాజీవితంలో అదే అత్యుత్తమ ప్రదర్శన.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. మన ప్రాంతపు ప్రజల జీవితాలలో, విశేషించి ముస్లిం కుటుంబాల జీవితాలలో, అది ఎంతటి కలవరపు కాలమో మన పెద్దలు ఎరుగుదురు. నాలుగు నెలలైనా గడవకముందే, 1948 డిసెంబరు 31న, కలకత్తాలో వెస్టిండీస్ జట్టుతో మొదలైన టెస్టులో గులాం అహ్మద్ భారతదేశం తరఫున తొలిసారి బరిలోకి దిగారు. ఎవర్టన్ వీక్స్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించి, వరుసగా అయిదు టెస్టు శతకాల రికార్డును నెలకొల్పిన మ్యాచి అది. అట్టి బ్యాటింగుకు ఎదురు నిలిచి, మన హైదరాబాదు యువకుడు తొలి ఇన్నింగ్స్‌లోనే నాలుగు వికెట్లు తీశాడు.

ఆయన ఓర్పు ఎట్టిదో తెలియాలంటే 1950-51 రంజీ పోటీలను స్మరించుకోవాలి. తెలుగు కుటుంబంలో పుట్టి భారత జట్టుకు మొదటి టెస్టు నాయకుడైన సి. కె. నాయుడు తీర్చిదిద్దిన హోల్కర్ జట్టు అప్పుడు దేశంలోకెల్ల బలమైనది. ఆ జట్టుతో జరిగిన మ్యాచిలో గులాం అహ్మద్ ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. అనగా 555 బంతులు. వాటిలో 21 మెయిడెన్లు ఉన్నాయి. 245 పరుగులిచ్చి 4 వికెట్లు తీశారు. ఫలితాన్ని బట్టి చూస్తే ఇది గొప్ప ప్రదర్శన అనిపించదు. కాని 555 సార్లు పరుగెత్తి వచ్చి, 555 సార్లు అదే శ్రద్ధతో బంతిని వదలడం ఎంతటి పనియో ఊహించండి. రాబోయే ఇంగ్లండు వేసవికి అది ముందుమాట వంటిది.

1951-52 శీతాకాలంలో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చింది. కాన్పూరు టెస్టులో గులాం అహ్మద్ తొలి ఇన్నింగ్స్‌లో 70 పరుగులకు 5 వికెట్లు తీశారు. అయినను ఆ మ్యాచిలో మనం ఓడిపోయాము. 1952 ఫిబ్రవరిలో మద్రాసులో భారతదేశం తన చరిత్రలోనే మొదటి టెస్టు విజయాన్ని సాధించింది. మన్కడ్ ఆ మ్యాచిలో 12 వికెట్లు తీసి విజయసారథి అయ్యాడు. ఇంగ్లండు రెండవ ఇన్నింగ్స్‌లో మన్కడ్‌తో సమానంగా నాలుగు వికెట్లు పడగొట్టినవారు గులాం అహ్మద్. విజయం వచ్చినప్పుడు రెండవవానిగా నిలవడం, ఓటమి వచ్చినప్పుడు బరువంతా మోయడం ఆయన జాతకంలో వ్రాసిపెట్టి ఉన్నదా అనిపిస్తుంది.

ఆ విజయం జరిగిన కొద్ది నెలలకే భారత జట్టు ఇంగ్లండుకు బయలుదేరింది. విజయ్ హజారే నాయకుడు. విజయ్ మర్చంట్ అప్పటికే విరమించాడు. లాలా అమరనాథ్, ముస్తాక్ అలీ జట్టులో లేరు. అన్నిటికంటె పెద్ద లోటు మన్కడ్ లేకపోవడం. ఆయన అప్పటికే లాంకషైర్ లీగ్‌లో హాస్లింగ్డెన్ క్లబ్బు తరఫున వృత్తి క్రీడాకారునిగా ఆడేందుకు ఒప్పుకొని ఉండడం చేత పర్యటన జట్టులో చేరలేదు. రెండవ టెస్టు నుండి మాత్రమే ఆయన్ని పిలిపించుకోగలిగారు. మద్రాసులో ఇద్దరు పంచుకొన్న భారం ఇంగ్లండులో తొలి నెలలన్నీ ఒక్కరిపై పడింది. ఆ ఒక్కరూ గులాం అహ్మద్. ఇంగ్లండు చలికి అలవాటు లేని చేతులు, తడిసి జారిపోయే బంతి, చాపకు బదులు మెత్తని పచ్చిక పిచ్. ఎండలో ఎండిన మన మైదానాలకు అలవడిన స్పిన్ బౌలరుకు ఇంతకంటె పరాయి పరిస్థితులు ఉండవు.

మొదటి టెస్టు జూన్ 5న లీడ్స్‌లో ఆరంభమైంది. విజయ్ మంజ్రేకర్ 133 పరుగులు, హజారే 89 పరుగులు చేయగా మన జట్టు 293 పరుగులు సంపాదించింది. పిమ్మట ఇంగ్లండు బ్యాటింగుకు దిగింది. లెన్ హటన్ ఆ దేశానికి నాయకత్వం వహించిన మొదటి టెస్టు అది. గులాం అహ్మద్ బంతిని అందుకొన్నారు. ఒకటి కాదు, పది కాదు, 63 ఓవర్లు వేశారు. 24 మెయిడెన్లు. 100 పరుగులకు 5 వికెట్లు. స్వదేశంలో, తమకు బాగా తెలిసిన పిచ్‌పై ఆడుతున్న ఇంగ్లండు జట్టు 334 పరుగులకే పరిమితమైంది. ఆధిక్యం 41 పరుగులు మాత్రమే. మ్యాచి ఇంకా సమానంగానే ఉన్నది. ఆ స్థితిని కల్పించిన చేయి ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. భారత జట్టు రెండవ ఇన్నింగ్స్ మొదలుపెట్టింది. ఫ్రెడ్ ట్రూమన్ అనే యార్క్‌షైర్ యువకుడు తన తొలి టెస్టులోనే, పెద్దవాడైన అలెక్ బెడ్సర్‌తో కలిసి, 14 బంతులలో నలుగురిని పంపివేశారు. స్కోరు పలకపై సున్నా, దాని ప్రక్కన నాలుగు. టెస్టు క్రికెట్ చరిత్రలో అటువంటి ఆరంభం అంతకుముందు లేదు. హజారే, ఫడ్కర్ పట్టుదలతో ఆడి జట్టును 165 దాకా తీసుకొనిపోయారు. గెలుపునకు కావలసిన 125 పరుగులను ఇంగ్లండు మూడు వికెట్లు కోల్పోయి సాధించింది. ఆ మూడింటిలో రెండు గులాం అహ్మద్‌వే. ఆ మ్యాచిలో ఇంగ్లండు కోల్పోయిన 13 వికెట్లలో 7 వికెట్లు ఆయన ఒక్కరే తీశారన్నమాట. కాని లీడ్స్ అనగానే లోకానికి జ్ఞాపకం వచ్చేది ఆ సున్నా, నాలుగు మాత్రమే. మూడు గంటల శ్రమను మూడు ఓవర్ల పతనం మ్రింగివేసిందని చెప్పుకోవడమే అబ్బురం. ఇక్కడ 63 ఓవర్ల శ్రమను మూడు ఓవర్లైనా నిండని పతనం మ్రింగివేసింది.

రెండవ టెస్టుకు మన్కడ్ వచ్చాడు. లార్డ్స్‌లో 72, 184 పరుగులు చేసి, 73 ఓవర్లు వేసి 5 వికెట్లు తీశాడు. ఆ మ్యాచికి మన్కడ్ టెస్టు అనే పేరే స్థిరపడింది. అది న్యాయమే. అదే ఇన్నింగ్స్‌లో రెండవ కొసనుండి 43.4 ఓవర్లు వేసి 3 వికెట్లు తీసిన గులాం అహ్మద్‌ను ఎవరూ తలచుకోరు. మూడవ టెస్టులో, మాంచెస్టర్‌లో, మన జట్టు ఒకే దినాన 58, 82 పరుగులకు కూలిపోయింది. ట్రూమన్ 31 పరుగులకు 8 వికెట్లు తీశాడు. గులాం అహ్మద్ అక్కడా మూడు వికెట్లు తీశారు. ఓవల్‌లో వర్షం మనలను నాలుగవ ఓటమినుండి తప్పించింది. నాలుగు టెస్టులలో మూడు ఓటములు. ఆ పర్యటనను గురించి వ్రాసినవారందరు వేగవంతమైన బౌలింగును ఎదుర్కొనలేని మన బ్యాట్స్‌మన్ల పిరికితనాన్నే ఎత్తి చూపారు.

ఇప్పుడు లెక్కలు చూద్దాము. నాలుగు టెస్టులలో గులాం అహ్మద్ తీసినవి 15 వికెట్లు. సగటు 25 పరుగుల లోపే. కౌంటీ జట్లతోను, విశ్వవిద్యాలయ జట్లతోను ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచిలను కూడ కలుపుకొంటే ఆ పర్యటనలో మొత్తం 80 వికెట్లు. సగటు 21.92. మన జట్టులో మరెవ్వరును ఆ సంఖ్యను అందుకోలేదు. ఏప్రిల్ చలినుండి సెప్టెంబరు వరకు, నగరం నుండి నగరానికి రైళ్ళలో, బస్సులలో తిరుగుతూ, దినం విడిచి దినం మైదానంలో దిగుతూ సాధించిన సంఖ్య ఇది. ఒక మ్యాచిలో మెరుపు మెరిసి అయిదారు వికెట్లు తీయవచ్చును. అయిదు నెలలపాటు అదే పట్టు నిలుపుకొనడం మెరుపు వల్ల అయ్యే పని కాదు.

మరి ఇట్టి వేసవి ఎందుకు మరుగునపడింది? మాకు తోచిన కారణాలు మూడు. మొదటిది, లోకం ఫలితాన్ని చూస్తుంది గాని పనిని చూడదు. జట్టు గెలిచి ఉంటే ఆ 63 ఓవర్లు పాఠ్యపుస్తకాలలోకి ఎక్కి ఉండేవి. రెండవది, మన్కడ్ వంటి మహావృక్షం ప్రక్కన నిలిచినవారు ఎంత ఎత్తున్నవారైనా పొట్టిగానే కనిపిస్తారు. 1946 పర్యటనలో మన్కడ్ వేయి పరుగులు, నూరు వికెట్లు రెండూ సాధించి ఉండడం చేత తరువాతి వారి లెక్కలన్నీ ఆయనతో పోల్చి చూడడం పరిపాటి అయింది. మూడవది, బ్యాట్స్‌మన్ శతకం కంటికి కనబడుతుంది. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. బౌలరు వేసిన మెయిడెన్ ఓవరుకు చప్పట్లు ఉండవు. అది జరగనివ్వని దానిని బట్టి కొలవవలసిన పని. పరుగులు రానివ్వకపోవడాన్ని ఎవరు గుర్తుంచుకొంటారు?

అయితే గులాం అహ్మద్ దోషరహితుడని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన ఫీల్డింగు చురుకైనది కాదు. టెస్టులలో ఆయన బ్యాటింగు సగటు తొమ్మిది పరుగులకు చేరలేదు. పది సంవత్సరాల కాలంలో ఆయన ఆడిన టెస్టులు 22 మాత్రమే. మొత్తం టెస్టు వికెట్లు 68, సగటు 30.17. ఈ అంకెలను మాత్రమే చూచినవారు ఆయన్ని మంచి బౌలరని అంటారు గాని మహా బౌలరని అనరు. అందుకే ఆ ఒక్క వేసవిని విడిగా తీసి చూడవలసి ఉన్నది. అనుకూలించని నేలపై, అండలేని జట్టులో, ఆయన ఎంత ఎత్తుకు ఎదగగలరో అది చూపింది.

ఇంగ్లండు నుండి తిరిగివచ్చిన కొద్ది వారాలకే మరొక ఘట్టం జరిగింది. 1952 అక్టోబరులో ఢిల్లీలో భారత పాకిస్తాన్ జట్ల మధ్య చరిత్రలో మొదటి టెస్టు ఆరంభమైంది. పాకిస్తాన్ నాయకుడు అబ్దుల్ హఫీజ్ కార్దార్ ఆరేండ్ల క్రితం భారత జట్టులో ఆడినవాడే. 263 పరుగులకు మన తొమ్మిదవ వికెట్టు పడినప్పుడు చివరివాడుగా గులాం అహ్మద్ బ్యాటు పట్టుకొని వచ్చారు. బ్యాటింగులో ఎన్నడూ పేరెన్నిక గన్నవారు కారు. అయినను హేమూ అధికారికి తోడుగా నిలిచి, సరిగ్గా 50 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన చేసిన ఏకైక అర్ధశతకం అదే. ఆ చివరి వికెట్టుకు ఇద్దరూ జోడించినవి 109 పరుగులు. 2004లో టెండుల్కర్, జహీర్ ఖాన్‌లు ఢాకాలో దానిని దాటేవరకు 52 సంవత్సరాలపాటు అది భారత రికార్డుగా నిలిచింది. ఆ టెస్టును మనం ఇన్నింగ్స్ తేడాతో గెలిచాము. ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ 1961లో పాకిస్తాన్‌కు వెళ్ళి ఆ దేశపు జట్టుకు నాయకుడయ్యాడు. మామ మాత్రం హైదరాబాదులోనే పుట్టి, హైదరాబాదుకే ఆడి, హైదరాబాదులోనే తుదిశ్వాస విడిచారు. విభజన కాలపు హైదరాబాదు కుటుంబాల కథలో ఈ రెండు దారులూ ఉన్నాయి.

1955 నవంబరులో హైదరాబాదులో మొట్టమొదటి టెస్టు జరిగింది. ఫతేమైదానంలో న్యూజిలాండ్‌తో జరిగిన ఆ మ్యాచికి భారత నాయకుడు గులాం అహ్మద్. సొంత ఊరిలో, సొంత ప్రజల ముందు, దేశపు జట్టును నడిపించే భాగ్యం ఎందరికి కలుగుతుంది? పాలీ ఉమ్రిగర్ ఆ మ్యాచిలోనే టెస్టులలో భారతదేశపు మొదటి ద్విశతకం సాధించాడు. మరుసటి ఏడు, 1956 నవంబరులో, కలకత్తాలో ఆస్ట్రేలియాపై గులాం అహ్మద్ తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు, మ్యాచి మొత్తంమీద 130 పరుగులకు 10 వికెట్లు తీశారు. ఆయన టెస్టు జీవితంలో అదే శిఖరం. ఆ మ్యాచిలో కూడ భారత జట్టు ఓడిపోయింది.

1958-59లో వెస్టిండీస్ మన దేశానికి వచ్చినప్పుడు ఒకే సిరీస్‌లో నలుగురు నాయకులు మారారు. వారిలో గులాం అహ్మద్ ఒకరు. కాన్పూరు, కలకత్తా టెస్టులలో ఆయన నాయకత్వాన జట్టు ఓడింది. కలకత్తాలో ఓటమి ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో వచ్చినది. దానితో ఆయన టెస్టు జీవితం ముగిసింది. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆయన మొత్తం వికెట్లు 407, సగటు 22.57.

ఆట మానినా ఆయన క్రికెట్‌ను విడువలేదు. 1970వ దశకం రెండవ అర్ధభాగంలో భారత క్రికెట్ నియంత్రణ మండలి కార్యదర్శిగా పనిచేశారు. 1983లో ప్రపంచకప్పు గెలిచిన కపిల్‌దేవ్ జట్టును ఎంపిక చేసిన సంఘానికి అధ్యక్షులు ఆయనే. ఆ విజయోత్సవాలలో కూడ ఎంపిక చేసినవారి పేరు ఎవరికీ పట్టలేదు. ఆయన 1998 అక్టోబరు 28న హైదరాబాదులో మరణించారు. ఆయన వదలివెళ్ళిన బాట మాత్రం మూసుకుపోలేదు. శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్‌లు ఇదే నగరం నుండి, ఇదే ఆఫ్ స్పిన్ విద్యతో, భారత జట్టులోకి వెళ్ళారు.

పాశమైలారం కర్మాగారాల నడుమ చదువుకొంటున్న మన విద్యార్థులకు ఈ జీవితం చెప్పే విషయం ఒకటి ఉన్నదని మేము భావిస్తున్నాము. మీలో అనేకుల తండ్రులు, అన్నలు పటాన్‌చెరు, పాశమైలారం పరిశ్రమలలో రాత్రి షిఫ్టులు చేసి తెల్లవారి ఇంటికి వస్తారు. ఆ రాత్రి యంత్రం ఆగకుండా నడిచిందన్నది వార్త కాదు, ఆగితేనే వార్త. మెయిడెన్ ఓవరు కూడ అటువంటిదే. పేరు రాని పనికి విలువ లేదనుకొనేవారికి లీడ్స్‌లోని 63 ఓవర్లను చూపించవలసి ఉన్నది. మీ పరీక్షలలో, పోటీలలో, ఉద్యోగ ప్రయత్నాలలో ఫలితం మీ చేతిలో లేని రోజులు వస్తాయి. మీ ప్రక్కవారు తడబడినందువల్ల మీ కష్టం కూడ ఓటమి పద్దులో జమ అవుతుంది. అంతమాత్రాన ఆ కష్టం జరగలేదని కాదు.

చివరగా కళాశాల క్రీడా సంఘం పెద్దలకు ఒక విన్నపం. అంతర కళాశాల పోటీలలో మన జట్టు గెలిచిన మ్యాచిల ఛాయాచిత్రాలు గోడలకెక్కుతున్నాయి, సంతోషమే. ఓడిన మ్యాచిల స్కోరు పుస్తకాలను కూడ అంతే శ్రద్ధతో గ్రంథాలయంలో భద్రపరచండి. అందులో ఏ విద్యార్థి ఎన్ని ఓవర్లు వేశాడో, ఎన్ని మెయిడెన్లు వేశాడో స్పష్టంగా వ్రాయించండి. 1952 నాటి స్కోరు వివరాలను ఎవరో అంత శ్రద్ధగా వ్రాసిపెట్టినందువల్లనే గులాం అహ్మద్ శ్రమ నేడు మనకు దొరికింది.